బ్లెడ్ సరస్సు అడుగున గొట్టాలున్నాయి

[మొదటి షాట్: బ్లెడ్ సరస్సు, మధ్యలో చిన్న దీవి, దాని మీద చర్చి]

ఈ ఫొటో మీరు చూసే ఉంటారు. యూరప్ టూర్ చేసొచ్చినవాళ్ల ఫోన్లలో తరచూ కనిపిస్తుంది. స్లోవేనియాలోని బ్లెడ్ సరస్సు. దీన్ని ఎవరికి చూపించినా నాకు వినిపించేది ఒకటే మాట: "మనిషి చెయ్యి పడలేదు కాబట్టే ఇంత శుభ్రంగా ఉంది."

ఆ మాట విన్న ప్రతిసారీ నాకు చిరాకొస్తుంది. ఎందుకంటే ఆ నీళ్ల అడుగున గొట్టాలున్నాయి. ఆ గొట్టాలు వేసి, మురుగు ఆపి, ఏళ్ల తరబడి ఆ సరస్సును కాపాడుకున్నవాళ్ల కష్టమంతా ఆ ఒక్క మాటతో గాలికి పోతుంది.

సరస్సు సహజమా, కృత్రిమమా అని అడిగితే ఆ గుంట ఎలా ఏర్పడిందో తెలుస్తుంది, అంతే. ఆ సరస్సు ఎలా బతుకుతోందో తెలియాలంటే ఇంకోటి అడగాలి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎటు పోతున్నాయి?

[షాట్: సిమెంటు తొట్టి, పైన కుళాయి]

పాత ఇళ్ల పెరట్లో సిమెంటు తొట్టి గుర్తుందా? పైన కుళాయి, అడుగున కన్నం, ఆ కన్నంలో కుక్కిన గుడ్డ పేలిక. ఈ తొట్టిని మనసులో పెట్టుకోండి. స్లోవేనియా మొత్తం దీంతోనే తిరిగొద్దాం.

ముందు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సరస్సు, త్సెర్క్‌నిత్సా. నిండితే ఆ దేశంలో ఇదే అతి పెద్దది, 20 చదరపు కిలోమీటర్లు దాటుతుంది. వేసవి చివర్లో వెళ్తే మాత్రం చాలాసార్లు అక్కడ సరస్సే ఉండదు. పచ్చిక ఉంటుంది, గడ్డి కోస్తూ ఉంటారు. వసంతంలో పడవ తిరిగిన చోటే ట్రాక్టరు తిరుగుతుంది.

కారణం సున్నపురాయి. బొర్రా గుహలు చూసినవాళ్లకు ఆ రాయి నీటికి ఎలా కరుగుతుందో వేరే చెప్పక్కర్లేదు. త్సెర్క్‌నిత్సా కింద నేలంతా అలాంటి బొరియలే. అంటే మన తొట్టికి అడుగున ఒక కన్నం కాదు, లెక్కలేనన్ని కన్నాలు, ఒక్కదానికీ పేలిక లేదు. వాటిలో ఒకదానికి అక్కడివాళ్లు పెట్టుకున్న పేరు రెషెతో. వాళ్ల భాషలో జల్లెడ అని అర్థం. ఇంతకన్నా మంచి పేరు ఇంకోటి దొరకదు!

మరి జల్లెడలో నీళ్లెలా నిలుస్తాయి? కుళాయి పూర్తిగా తిప్పేయండి. కన్నాల్లోంచి పోయే నీళ్లకన్నా పైనుంచి పడేవి ఎక్కువైతే కన్నాలున్న తొట్టి కూడా నిండుతుంది. భారీ వానలు పడితే త్సెర్క్‌నిత్సా కొద్ది రోజుల్లోనే నిండిపోతుంది. ఖాళీ కావడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇంకో విచిత్రం, కొన్ని కన్నాలు రెండు పనులూ చేస్తాయి. భూమి కింద నీటిమట్టం పెరిగితే వాటిలోంచి నీళ్లు పైకి ఉబుకుతాయి, తగ్గితే వాటిలోకే దిగిపోతాయి. మన తొట్టిలో అడుగు కన్నమే కుళాయిగా మారినట్టు!

17వ శతాబ్దంలో వాల్వజోర్ అనే పండితుడు దీని వెంట పడ్డాడు. కొండల లోపల దాగిన చెరువులున్నాయని, వాటిని సైఫన్లు, అంటే నీళ్లను వాటంతటవే లాగే వంపు గొట్టాలు, కలుపుతున్నాయని ఊహించాడు. ఈ సరస్సు మీద చేసిన పనికే 1687లో శాస్త్రవేత్తల సంఘం లండన్ రాయల్ సొసైటీ ఆయన్ను సభ్యుడిగా తీసుకుంది. ఆయన చెప్పినంత క్లిష్టమైన యంత్రాంగం అక్కడ లేదని తర్వాత తేలింది. అయినా గట్టు మీద నిలబడి, కనిపించని గొట్టాల గురించి అంత ఓపిగ్గా ఆలోచించిన మనిషంటే నాకు చాలా గౌరవం.

తర్వాత 1960ల్లో, నీళ్లు ఏడాది పొడవునా నిలిస్తే బాగుంటుందని కొన్ని గుహల నోళ్లకు కాంక్రీటు కట్టి చూశారు. పేలిక కుక్కడమే అనుకోండి. కానీ జల్లెడకు ఎన్ని పేలికలని కుక్కుతాం? నీళ్లు మిగతా దార్లు వెతుక్కుని పోయాయి. అలా పోయిన నీళ్లు గుహలు దాటుకుంటూ కిందికెళ్లి, చివరికి ల్యూబ్ల్యానిత్సా నదిగా బయటపడి, రాజధాని మధ్యలోంచి పారతాయి.

[షాట్: మళ్లీ బ్లెడ్, ఈసారి నీటికి దగ్గరగా]

ఇప్పుడు బ్లెడ్. హిమానీనదం తొలిచిన గుంట, లోతు 30 మీటర్ల దాకా ఉంటుంది. గుంట వరకూ నూటికి నూరుపాళ్లు సహజమే. కానీ దీని కుళాయి చాలా సన్నం, సహజంగా వచ్చి కలిసేవి చిన్న వాగులే. పక్కనున్న బోహీన్ సరస్సూ హిమానీనదం చేసిందే. అయితే దాన్లోకి కొండల నుంచి నీళ్లు జోరుగా వచ్చి, అంతే జోరుగా పోతాయి. బ్లెడ్ నీళ్లు అలా మారవు.

మారని తొట్టి ఏమవుతుందో మనకు తెలుసు. అడుగున పాచి, దాన్ని కదిపితే వాసన. ఊరి మురుగు, చుట్టూ పొలాల ఎరువు సరస్సులోకి చేరాయి. నాచు పెరిగింది. ఒక రకం నాచు వల్ల నీళ్లు ఎర్రగా కూడా మారాయి. ఆ నాచు చచ్చి అడుక్కి దిగి, కుళ్లుతూ అక్కడి ఆక్సిజన్ అంతా వాడేసింది. ఆక్సిజన్ అయిపోయాక అడుగు బురదలోంచి ఫాస్ఫరస్ మళ్లీ నీళ్లలోకి వచ్చింది. అది కొత్త నాచుకు తిండి. ఇలా వదిలేస్తే ఏటేటా ముదురుతుంది తప్ప తగ్గదు.

వాళ్లేం చేశారంటే, 1964లో పక్కనున్న రాదోవ్నా నది నుంచి మంచినీళ్లు తెచ్చి కలిపారు. అంటే ఇంకో కుళాయి బిగించారు. అది చాల్లేదు. ఎందుకంటే తొట్టి నిండి పొర్లితే పోయేది పైనున్న మంచినీళ్లే, అడుగు మురికి అడుగునే ఉంటుంది. అందుకే 1980ల మొదట్లో అడుగుకు గొట్టాలు వేశారు. డ్రమ్ములో నీళ్లు తీయడానికి పైపు ఒక కొస లోపల ముంచి, రెండో కొస డ్రమ్ము అడుక్కన్నా కిందికి దించి, నోటితో పీలుస్తాం కదా, అదే సైఫన్. మురికి నీళ్లు వాటంతటవే బయటికి పారతాయి. మురుగు కాలువలు కూడా సరిచేశారు. ఈ రోజు ఫొటోల్లో కనిపించే నీళ్ల వెనక ఉన్న కథ ఇది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను.

[షాట్: వెలెన్యే సరస్సు ఒడ్డు]

వెలెన్యే పట్టణం దగ్గర సరస్సుల్ని ఎవరూ కట్టలేదు. కింద లిగ్నైట్ బొగ్గు తవ్వితే పైన నేల కుంగి, ఆ పల్లంలో నీళ్లు చేరాయి. తొట్టి తనంతట తానే తయారైందన్నమాట. ద్రుజ్‌మిర్యే అనే ఊరు అలాగే మునిగిపోయింది. దాని మీదున్న సరస్సే ఇప్పుడు దేశంలో అన్నిటికన్నా లోతైనది. ఇళ్లు వదిలి వెళ్లాల్సి వచ్చినవాళ్లను తలుచుకోకుండా ఆ నీళ్లను చూడటం నా వల్ల కాదు. పక్కనే ఉన్న వెలెన్యే సరస్సులోకి థర్మల్ కేంద్రం బూడిద నీళ్లు చేరి, నీళ్లు సున్నపు తేటలా ఘాటెక్కి, అందులో జీవమే లేకుండా పోయింది. బూడిద నీళ్లు సరస్సులోకి రాకుండా ఆపాక కోలుకుంది. ఇప్పుడక్కడ వేసవిలో జనం ఈత కొడతారు.

ఇక ప్తుయ్. ద్రావా నదికి అడ్డుకట్ట వేసి, కరెంటు కోసం 1970ల్లో చేసిన సరస్సు, కృత్రిమ సరస్సుల్లో అక్కడ ఇదే పెద్దది. పారే నీళ్లు నెమ్మదించగానే నది మోసుకొచ్చిన ఒండ్రు అడుక్కి దిగుతుంది. చలికాలంలో నీటిపక్షులు గుంపులుగా వచ్చి వాలతాయి. మనిషి కట్టిందని అవి రాకుండా ఉండవు.

స్లోవేనియా వెళ్లేవాళ్లకు ఒక్క మాట. బ్లెడ్ ఎలాగూ చూస్తారు, ఒక పూట త్సెర్క్‌నిత్సాకూ ఉంచుకోండి. నిండుగా చూడాలంటే వానలు బాగా పడ్డాక, లేదా వసంతంలో వెళ్లండి. వేసవి చివర్లో వెళ్లి అక్కడ గడ్డే కనిపిస్తే తిరిగొచ్చేయకండి. రెషెతో ఎక్కడో అడిగి, అక్కడిదాకా నడిచి వెళ్లి చూడండి.