బిట్ల దగ్గరే ఆగిపోకుండా: పెద్ద విద్యాసంస్థలకు ఇంటర్ నుంచే సన్నద్ధత

వ్యాఖ్యాత: నమస్కారం. కొద్ది సీట్ల కోసం లక్షల మంది పోటీపడే విద్యాసంస్థల్లో ప్రవేశానికి ఎలా సిద్ధపడాలన్నది ఈ ఎపిసోడ్ అంశం. నల్లగొండలో చాలాకాలంగా ఇంటర్ విద్యార్థులకు గణితం బోధిస్తున్న మేడమ్ మనతో ఉన్నారు. మేడమ్, ఎక్కడ మొదలుపెట్టాలంటారు?

అధ్యాపకురాలు: ఏ సంస్థ ఏం చూసి సీటు ఇస్తుందో తెలుసుకోవడంతో మొదలుపెట్టాలండి. ఐఐటీ సంగతే తీసుకుంటే, జేఈఈ మెయిన్‌లో ముందు వరుసలో నిలిచిన సుమారు 2,50,000 మందికే రెండో దశ పరీక్ష అయిన అడ్వాన్స్‌డ్ రాసే అర్హత వస్తుంది, అదీ వరుసగా రెండు సంవత్సరాల్లో రెండుసార్లే. మెయిన్‌ను తెలుగులో రాయవచ్చు కానీ అడ్వాన్స్‌డ్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీల్లోనే ఉంటుంది. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి దేవరకొండ నుంచో అచ్చంపేట నుంచో వచ్చిన పిల్లలకు ఈ సంగతి రెండో సంవత్సరం చివర్లో తెలిస్తే, లెక్క వచ్చి కూడా ప్రశ్న అర్థం కాక మార్కులు పోతాయి. అందుకే మొదటి సంవత్సరంలోనే ఫిజిక్స్ పుస్తకాన్ని రోజుకో పేజీ ఇంగ్లిష్‌లో చదివించి, పుస్తకం మూసి, అందులో ఉన్నది తోటివారికి తెలుగులో చెప్పమంటాను.

వ్యాఖ్యాత: మన దగ్గర పెద్ద చదువంటే ఐఐటీ, లేదంటే ఎంబీబీఎస్. వేరే దారుల గురించి పిల్లలకు తెలుస్తోందా?

అధ్యాపకురాలు: తెలియడం లేదు, అదే నా బాధ. గణితమంటే ప్రాణం పెట్టేవారికి చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉన్నాయి. సైన్సులో పరిశోధన చేయాలనుకునేవారికి తిరుపతితో కలిపి ఏడు ఐసర్‌లు, అంటే కేంద్ర సైన్సు విద్యా పరిశోధన సంస్థలు, న్యాయవిద్య కోరుకునేవారికి క్లాట్ అనే ప్రవేశ పరీక్ష ద్వారా హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నేరుగా చేరగల అయిదేళ్ల కోర్సులు ఉన్నాయి. అయితే చెన్నై, కోల్‌కతా సంస్థల పరీక్షలు బిట్లతో ముగియవు. సమాధానం ఎందుకు సరైనదో వాక్యాల్లో రాసి నిరూపించాలి.

వ్యాఖ్యాత: ఒక ఉదాహరణ చెప్పండి.

అధ్యాపకురాలు: ఏ బేసి సంఖ్య వర్గాన్నయినా 8తో భాగిస్తే శేషం 1 వస్తుంది. ఇది బిట్టుగా వస్తే పిల్లలు 3 తీసుకుని, 9ని 8తో భాగించి, ఒకటని గుర్తుపెట్టి ముందుకు పోతారు. నిరూపించమంటే 5, 7 కూడా వేసి చూపి ఆగిపోతారు. అలా ఎన్ని సంఖ్యలు వేసినా అది నిరూపణ కాదు. బేసి సంఖ్య అంటే ఏదో ఒక సంఖ్యకు రెట్టింపు చేసి ఒకటి కలిపినది. దాన్ని వర్గం చేస్తే రెండు వరుస సంఖ్యల లబ్ధానికి నాలుగు రెట్లు, దానిపై ఒకటి వస్తుంది. వరుస సంఖ్యల్లో ఒకటి తప్పనిసరిగా సరి సంఖ్య కాబట్టి ఆ నాలుగు రెట్లు 8తో నిశ్శేషంగా పోతుంది, మిగిలేది ఒకటే. ఈ నాలుగు మాటలు సొంతంగా రాయగలిగిన పిల్లవాడికి, నా అనుభవంలో, అడ్వాన్స్‌డ్‌లోని కొత్తరకం ప్రశ్న చూసినా చేయి ఆడుతుంది. పొద్దున్నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు పెడుతున్నాం, కానీ వాటిలో ఒక్క లెక్కతో గంటసేపు కుస్తీ పట్టే తీరిక పిల్లలకు ఇవ్వడం లేదు.

వ్యాఖ్యాత: విదేశీ విశ్వవిద్యాలయాలు వ్యాసాలు కూడా అడుగుతాయి కదా?

అధ్యాపకురాలు: అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాలు తీసుకునే కామన్ అప్లికేషన్‌లో ప్రధాన వ్యాసం 650 పదాలు మించకూడదు. భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే మర్రిగూడ వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన మొదటి ప్రతిలో ‘ఫ్లోరైడ్ భూతం మా ప్రజల జీవితాలను కబళిస్తోంది’ అని మొదలుపెట్టింది. అది పత్రికల్లో వచ్చే వాక్యమే తప్ప ఆమె చూసినది కాదు. మీ ఇంట్లో ఏం జరుగుతుందో రాయమన్నాను. నడుము వంగిపోయిన నానమ్మ తాగడానికి నల్లా నీళ్లు పట్టుకుంటూనే, పప్పు తొందరగా ఉడుకుతుందని వంటకు మాత్రం బోరు నీళ్లే వాడుతోందని రాసుకొచ్చింది. తర్వాత తమ వీధిలో ఏ ఇంట్లో ఏ నీళ్లు దేనికి వాడుతున్నారో అడిగి పట్టిక వేసింది, తాగునీటిలో ఫ్లోరైడ్‌కు లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి ఎలా నిర్ణయించారో చదివింది. ఆ వ్యాసం చదివినవారికి కష్టాలు పడ్డ పిల్ల కాదు, ప్రశ్న వేసే పిల్ల కనిపిస్తుంది. ఎంపిక చేసేవారు వెతికేది అలాంటివారినే అని నేను నమ్ముతాను.

వ్యాఖ్యాత: ఖర్చు మాటేమిటి?

అధ్యాపకురాలు: హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ వంటి కొన్ని సంస్థలు విదేశీ విద్యార్థుల విషయంలోనూ కుటుంబ ఆర్థిక స్థితిని చూడకుండా ఎంపిక చేసి, సీటు వచ్చాక అవసరమైనంత సహాయం చేస్తాయి. మన తెలంగాణ ప్రభుత్వ విదేశీ విద్యానిధి పీజీ చదువులకే వర్తిస్తుంది కాబట్టి, ఇంటర్ తర్వాత డిగ్రీకి వెళ్లేవారు దాన్ని లెక్కలో వేసుకోకూడదు.

వ్యాఖ్యాత: ఇక సర్టిఫికెట్ల గురించి చాలామంది తల్లిదండ్రులు అడిగారు.

అధ్యాపకురాలు: ఇది చిన్న విషయం అనుకోవద్దు. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఐఐటీకి పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్, అంటే బీసీల్లో సంపన్న శ్రేణికి చెందరన్న సర్టిఫికెట్ కావాలి, అదీ పరీక్ష రాసే సంవత్సరం ఏప్రిల్ 1న గానీ ఆ తర్వాత గానీ ఇచ్చినదై ఉండాలి. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఈడబ్ల్యూఎస్‌కు, అంటే ఇతర రిజర్వేషన్లు లేని పేదల కోటాకు, కుటుంబ వార్షికాదాయం 8 లక్షల లోపు ఉండటంతో పాటు వ్యవసాయ భూమి 5 ఎకరాల కంటే తక్కువ ఉండాలి. పాలమూరులో ఆరెకరాల మెట్ట ఉండి, పంట చేతికందక వలస పోయే కుటుంబానికి కూడా ఇదే నిబంధన. ఇది న్యాయంగా లేదన్నదే నా అభిప్రాయం, అయినా నిబంధన అదే కాబట్టి తల్లిదండ్రులు పాసుపుస్తకాలు ముందే సరిచూసుకోవాలి. అడ్వాన్స్‌డ్ రిజిస్ట్రేషన్ సాధారణంగా ఏప్రిల్ చివరలో మొదలవుతుంది. తహసీల్దారు కార్యాలయంలో రోజులు పట్టవచ్చు కనుక ఏప్రిల్ మొదటి వారంలోనే దరఖాస్తు పెట్టండి, ఆ రసీదును జాగ్రత్త చేసుకోండి.