జ్వరం వచ్చిందన్న మాట నిజమే కదా

నమస్కారమండీ. సెలవులకు డాలస్ నుంచి కవిటి దగ్గర మా చిన్నాన్న వాళ్ల ఊరికి వచ్చాం. వెనక కనిపిస్తున్నవి ఉద్దానం కొబ్బరి తోటలు. వాటి గురించి ఇంకో వీడియోలో చెప్తాను. ఇవాళ మా మరదలు అడిగిన ప్రశ్న గురించి మాట్లాడాలి.

వాళ్ల బాబుకు ఆరో వారంలో పెంటావలెంట్ టీకా, అంటే కోరింత దగ్గుతో సహా ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా, వేయించారు. ఆ రాత్రి ఒళ్లు కాలిపోయింది. తొడ మీద సూది గుచ్చిన చోట గట్టిగా వాచింది, చెయ్యి తగిలితే చాలు కెవ్వుమనేవాడట. పదో వారం దాటినా రెండో డోసుకు తీసుకెళ్లలేదు. "అమెరికాలో మీ పాపకు ఇంత జ్వరం రాలేదన్నావు కదా వదినా, మరి మా వాడికెందుకు వచ్చింది?" అంది.

ఆమె గమనించింది అక్షరాలా నిజం. అక్కడి టీకాలో కోరింత దగ్గు క్రిమిలోని కొన్ని భాగాలే ఉంటాయి. ఇక్కడ ప్రభుత్వం వేసే టీకాలో చంపిన క్రిమి మొత్తం ఉంటుంది. అందుకే జ్వరం, వాపు ఎక్కువ. రక్షణ కూడా ఎక్కువ కాలం నిలుస్తుంది. ఈ సంగతి ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

పిన్ని భయం వేరు. ఈ ఉద్దానంలో చాలామందికి కిడ్నీ జబ్బు ఉంది. "కిడ్నీ జబ్బని ఎంతమంది వచ్చి రక్తం తీసుకెళ్లారు! ఎందుకొస్తోందో ఒక్కరైనా తేల్చారా?" అంది. ఏం చెప్పను? ఎన్నో బృందాలు వచ్చి వెళ్లాయి, అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. ఇలాంటి చోట సూది మీద అనుమానం ఊరికే పుట్టదు. దాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేస్తే నాకు కోపం వస్తుంది. మా టెక్సాస్‌లో బాగా చదువుకున్నవాళ్లూ వెనకాడుతున్నారు. 2025లో అక్కడ తట్టు ప్రబలి, టీకా వేయించుకోని ఇద్దరు పిల్లలు చనిపోయారు.

ఏఎన్ఎం గారు ఇంటికొచ్చి ఓపిగ్గా కూర్చున్నారు. డోసు ఆలస్యమైనా మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టక్కర్లేదన్నారు. జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది, బరువును బట్టి పారాసిటమాల్ చుక్కలు వేయాలి. మూడు గంటలకు మించి ఆగకుండా ఏడ్చినా, ఫిట్స్ వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి, తర్వాతి డోసుకు ముందు ఆ విషయం తప్పకుండా చెప్పాలి. కోరింత దగ్గు వస్తే నెలల పిల్లలకు ఊపిరే ఆగిపోవచ్చు, అందుకే ఇంకా ఆలస్యం చేయవద్దన్నారు.

మరదలు చుక్కల లెక్క రెండుసార్లు అడిగి, టీకా కార్డు వెనక రాయించుకుంది. వచ్చే బుధవారం వెళ్దామంది. పిన్ని ఇంకా సరేననలేదు. ఆమెకు అడగాల్సినవి చాలా ఉన్నాయి, అందుకే బుధవారం ఆమెను కూడా వెంట రమ్మన్నాను.