పాత ఎంజీబీకి ఎంత ఇవ్వాలి?

సభాధ్యక్షులకు, వేదిక మీద ఉన్న పెద్దలకు, తెల్లవారుజామునే లేచి ఉగాది పచ్చడి కలిపిన అమ్మలందరికీ నమస్కారం. నాకు భోజనాల ముందు పదిహేను నిమిషాలు ఇచ్చి, రిటైరయ్యాక కాలక్షేపం గురించి చెప్పమన్నారు. తోటపని మీద నాలుగు ముక్కలు రాసుకొచ్చాను కూడా. కానీ ఈ మధ్య మన సంఘంలోనే ముగ్గురు నన్ను ఒకే మాట అడిగారు: "డాక్టరుగారూ, పాత ఎంజీబీ ఒకటి చూశాం, పదమూడు వేల పౌండ్లు చెబుతున్నాడు, ఇవ్వొచ్చా?" అందుకని ఆ కాగితం జేబులోనే ఉంచేస్తున్నాను. తోట గురించి వచ్చే ఏడు చెబుతాను. తెలియనివాళ్ళకి చెబుతున్నా, ఎంజీబీ అంటే ఒకప్పుడు ఇక్కడ తయారైన చిన్న స్పోర్ట్స్ కారు.

నేను 1978లో బ్రిటన్ వచ్చాను. అప్పటికి ఆబింగ్డన్‌లో ఈ కార్లు చేసే ఫ్యాక్టరీ ఇంకా నడుస్తోంది. మా హాస్పిటల్ కార్ పార్కులో ఎర్ర రోడ్‌స్టర్, అంటే గట్టి పైకప్పు లేని ఎంజీబీ, ఒకటి ఉండేది. నైట్ డ్యూటీ దిగి బస్‌స్టాపుకి వెళ్తూ రోజూ దాని పక్కన ఒక్క నిమిషం ఆగేవాణ్ణి. ఆ కోరిక తీరడానికి నలభై ఏళ్ళు పైనే పట్టింది. 2021లో కొన్నాను. 1972 మోడల్, అదే ఎరుపు, క్రోమ్ బంపర్లు, పదకొండున్నర వేల పౌండ్లు.

ఆ రోజు ఏం జరిగిందో వివరంగా చెబుతాను, ఎందుకంటే మీకు పనికొచ్చేదంతా అందులోనే ఉంది. సన్నగా వాన పడుతోంది. తడిస్తే ఏ పెయింటైనా అద్దంలా మెరుస్తుంది. నేను వెళ్ళేసరికి ఇంజన్ అప్పటికే వేడిగా ఉంది. చల్లని ఇంజన్ స్టార్ట్ చేసి చూపించమని అడగాలని నాకు తట్టలేదు. లోపల కొత్త కార్పెట్, కొత్త వాసన. కింద చూడలేదు. "నలభై ఏళ్ళు దాటిన కారండీ, ఎంఓటీ అక్కర్లేదు" అన్నాడు అమ్మేవాడు. ఎంఓటీ అంటే ఏటా చేయించే కారు పరీక్ష. నిజమే, 2018 మే నుంచి ఇక్కడ అదే రూల్. కానీ అక్కర్లేదు అంటే, ఆ కారు కిందికి దూరి చూసినవాడు మూడేళ్ళుగా ఎవడూ లేడని అర్థం. ఆ మాట నాకు ఇంటికొచ్చాక తట్టింది.

ఆరు నెలలకి డ్రైవర్ వైపు తలుపు పట్టేయడం మొదలుపెట్టింది. వెల్డర్ సిల్స్ కోశాడు. సిల్స్ అంటే తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే రేకు పెట్టెలు. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, రోడ్‌స్టర్‌కి పైకప్పూ లేదు. బరువు ముఖ్యంగా మోసేది ఆ పెట్టెలే. పైన పుట్టీ, పుట్టీ కింద అల్యూమినియం జాలీ, దాని వెనక ఏమీ లేదు. అతను గుప్పెడు తీసి నా చేతిలో పోశాడు. మాడిన అప్పడం నలిపినట్టు పొడి పొడిగా రాలింది. రెండు వైపులా సిల్స్, పెయింట్ కలిపి బిల్లు ఏడు వేల రెండు వందలు.

నాకు డబ్బు పోయినందుకు కాదు బాధ. మా నాన్న గుర్తొచ్చాడు. మాది ఒంగోలు దగ్గర పల్లెటూరు. ఎడ్లు కొనడానికి సంతకి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళేవాడు. కొమ్ములకు రంగేసి, మెడలో గంటలు కట్టి నిలబెట్టేవాళ్ళు. మా నాన్న తల వైపు వెళ్ళేవాడే కాదు. ముందు వంగి గిట్ట ఎత్తి చూసేవాడు. తర్వాత నడిపించేవాడు. ఆ తర్వాత పళ్ళు. చివర్న తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. "కొమ్ముల రంగుకి డబ్బులివ్వకూడదురా" అనేవాడు. ఆ మాట విని పెరిగిన నేను, డెబ్భై ఒక్క ఏళ్ళ వయసులో, కొమ్ముల రంగుకే డబ్బులిచ్చి వచ్చాను. అమ్మలారా, అయ్యలారా, దయచేసి కింద నుంచి చూడండి.

చిన్న మాగ్నెట్‌కి మెత్తటి గుడ్డ చుట్టి సిల్ పొడవునా జరపండి. పుట్టీ ఉన్నచోట అతుక్కోదు. జాకీ పాయింటు దగ్గర కారు ఎత్తించి తలుపు తెరిచి మూయండి. సందు మారినా, తలుపు పట్టేసినా అక్కడే ఆగిపోండి. ఇంజన్ గురించి ఎక్కువ భయం అక్కర్లేదు, వేడెక్కి రోడ్డు మీద పోతున్నప్పుడు మీటర్లో ఆయిల్ ప్రెషర్ 50 పీఎస్ఐకి తగ్గకపోతే చాలు. ఓవర్‌డ్రైవ్, అంటే వేగంగా పోయేటప్పుడు ఇంజన్‌కి శ్రమ తగ్గించే అదనపు గేరు, ఉందంటే ఎక్కువ అడుగుతారు, రోడ్డు మీద పని చేశాకే ఇవ్వండి. నంబరు ప్లేటు కొడితే పాత ఎంఓటీ రికార్డులు ఉచితంగా వస్తాయి. పదేళ్ళ క్రితం ఎవరో ఇన్‌స్పెక్టర్ "సిల్ తుప్పు" అని రాసి, తర్వాత వెల్డింగ్ బిల్లు ఎక్కడా లేకపోతే, ఆ తుప్పు ఎక్కడికీ పోలేదన్నమాట.

ఇక ధర. ఈ కారు అరుదైనది అని ఎవరైనా అంటే నమ్మకండి. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు. పార్టులన్నీ దొరుకుతాయి, 1988 నుంచి పూర్తి బాడీ కూడా కొత్తగా దొరుకుతోంది. 1974 చివర్లో అమెరికా రూల్స్ కోసం నల్ల రబ్బరు బంపర్లు పెట్టి, కారు ఎత్తు పెంచారు. వాటికి క్రోమ్ బంపర్ల ధర అడిగితే ఇవ్వకండి. అడిగే ధరలు చూసి అంచనా వేయకండి, అమ్ముడుపోయిన ధరలు చూడండి, వేలంపాటల్లో బయటే పెడతారు. అలాంటి బాగున్న కారు ఎంతకి పోయిందో ఆ అంకె పైన రాసి, మీరు చూసిన కారుకి కావలసిన పనులన్నీ కింద రాసి తీసేయండి. నేను కొన్న కారు అలా లెక్కేస్తే ఐదు వేలకి మించదు.

మరొకటి. కొందరు లావుపాటి ఫైలు తెచ్చి, ఇరవై వేలు ఖర్చు పెట్టానండీ అని చూపిస్తారు. మన ఊళ్ళో బోరుకి ఎంత ఖర్చయిందని చూసి పొలం కొంటామా? నీళ్ళు పడ్డాయా అని చూస్తాం. కానీ ఆ ఫైలు చదవండి, ఏ చేతులు పనిచేశాయో అందులో తెలుస్తుంది.

టైమైందని చెయ్యి చూపిస్తున్నారు, ఇంకొక్క రెండు నిమిషాలు. ఇది చెప్పకుండా దిగలేను. న్యాయమైన ధర కొనేవాడికే కాదు, అమ్మేవాళ్ళకీ కావాలి. మన మిత్రుడొకాయన పోయినప్పుడు, ఆయన గరాజులో 1970 రోడ్‌స్టర్ ఉండిపోయింది. పెయింట్ వెలిసిపోయింది. ఒక వ్యాపారి వచ్చి, మూడు వేలిచ్చి ఈ రోజే తీసుకెళ్ళిపోతానన్నాడట. ఆయన భార్య నాకు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, ఇచ్చేయమంటారా?" అన్నారు. రెండు రోజులు ఆగమ్మా అని వెళ్ళాను. మాగ్నెట్ సిల్ పొడవునా ఎక్కడా ఊడిపోలేదు. గ్లవ్ బాక్సులో ఒక నోటు పుస్తకం. ఇరవై మూడేళ్ళ పాటు కింగ్‌పిన్లకి, అంటే ముందు చక్రాలు పక్కకి తిరిగే కీలు కడ్డీలకి, గ్రీజు పెట్టిన ప్రతి తేదీ అందులో ఉంది, మైళ్ళతో సహా, తెలుగు అక్షరాల్లో.

పన్నెండు వేలు చెప్పాం. చాలామంది వచ్చి పెయింట్ చూసి వెళ్ళిపోయారు. ఒక శనివారం ఓ ఇంగ్లీషు కుర్రాడు వచ్చాడు. బానెట్ తెరవమని అడగలేదు. కోటు తీసి తడి నేల మీద పరిచి, టార్చి పట్టుకుని కారు కిందికి దూరాడు. పావుగంట రాలేదు. "ఏం చేస్తున్నాడండీ?" అని ఆవిడ కంగారుపడ్డారు. గిట్టలు చూస్తున్నాడమ్మా అన్నాను. బయటికొచ్చి, చేతులు తుడుచుకుని, ఆ నోటు పుస్తకం కూడా ఇస్తారా అని అడిగాడు. ఇస్తామన్నాం. బేరమాడకుండా పన్నెండు వేలూ ఇచ్చాడు. అందులోని తెలుగు నెలల పేర్లు ఆవిడ ఒక కాగితం మీద ఇంగ్లీషులో రాసి, పుస్తకంలో పెట్టి ఇచ్చారు.