పిల్లి కణంలో వైరస్ కట్టే అంటు

అందరికీ నమస్కారం. పోయిన వారం కొర్లగుంట నుంచి ఒకావిడ బుట్టలో పిల్లిని పెట్టుకుని వచ్చారు. చిగుళ్లు ఎర్రగా వాచిపోయి, చేప ముక్క పెట్టినా వాసన చూసి వదిలేస్తోంది. చుక్క రక్తం తీసి కిట్ మీద వేస్తే ఎఫ్‌ఐవీ గీత పడింది, అంటే పిల్లుల్లో రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్ ఉన్నట్టు. "ఇంజెక్షన్ వేస్తే పోతుందా సార్?" అన్నారు. పోదమ్మా అన్నాను గానీ, ఎందుకు పోదో ఆ హడావుడిలో చెప్పలేకపోయాను. ఇవాళ చెప్తాను.

మన కణాల్లో డీఎన్‌ఏ అనే అసలు రాతని చూసి ఆర్‌ఎన్‌ఏ అనే నకలు తయారవుతుంది. ఈ వైరస్ దగ్గర ఉండేదే ఆర్‌ఎన్‌ఏ, సుమారు 9,400 అక్షరాలు, అదీ రెండు కాపీలు. తెల్ల రక్తకణంలో దూరాక, వెంట తెచ్చుకున్న రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ అనే ఎంజైము ఆ ఆర్‌ఎన్‌ఏని చూసి డీఎన్‌ఏ రాస్తుంది. ఇలా వెనక్కి రాయడం కుదురుతుందని 1970లో టెమిన్, బాల్టిమోర్ అనే శాస్త్రవేత్తలు ఎవరికి వారు చూపించేదాకా చాలామంది ఒప్పుకోలేదు.

ఆ ఎంజైముకి ఏ ఆసరా లేకుండా రాత మొదలుపెట్టడం చేతకాదు, అందుకని పాత కణం నుంచి పట్టుకొచ్చిన ఒక చిన్న టీఆర్‌ఎన్‌ఏని (ప్రొటీన్ల తయారీలో కణం వాడుకునే చిన్న ఆర్‌ఎన్‌ఏ), అంటే పిల్లి సొత్తునే, ఆసరా చేసుకుంటుంది. మొదలుపెట్టేది ఒక చివరికి దగ్గర్లో కాబట్టి కాస్త రాయగానే అంచు వచ్చేస్తుంది. అప్పుడు రాసిన ముక్కతో సహా రెండో చివరికి దూకుతుంది! రెండు చివర్లలోనూ ఒకే వరుస అక్షరాలు ఉంటాయి, అక్కడ అతుక్కుని మిగతాది రాసుకుంటూ పోతుంది. డీఎన్‌ఏకి రెండు పోగులుంటాయి కదా, ఆ రెండో పోగు రాసేటప్పుడు ఇంకోసారి దూకుతుంది. ఎన్నిసార్లు చదివినా నాకిది ఆశ్చర్యమే. రాసింది దిద్దుకోదు, అందుకే తప్పులు పడుతూ వైరస్ రూపు మారుతూ ఉంటుంది.

తర్వాత ఇంటిగ్రేజ్ అనే ఎంజైము పిల్లి క్రోమోజోముని కోసి ఈ డీఎన్‌ఏని అందులో అతికిస్తుంది. మన చిత్తూరు తోటల్లో మామిడికి అంటు కడతారే, అలాగే. అతుకు కలిసిపోయాక ఆ కొమ్మని సాకేది చెట్టే. కణం రెండైతే వైరస్ రాత కూడా రెండవుతుంది. ఏజడ్‌టీ లాంటి వైరస్ మందు కొత్త రాతని ఆపుతుంది, కట్టేసిన అంటుని విప్పలేదు.

1964లో గ్లాస్గోలో జారెట్ బృందం కనిపెట్టిన పిల్లుల ల్యూకీమియా (రక్త క్యాన్సర్) వైరస్ కూడా ఇలాగే రాస్తుంది, కాకపోతే అతుక్కోవడానికి కణం రెండుగా విడిపోయేదాకా ఆగాలి. అది క్యాన్సర్ జన్యువుల పక్కన అతుక్కుంటే కణం అదుపు తప్పుతుంది.

ఎఫ్‌ఐవీ మనుషులకి రాదు. పిల్లుల మధ్య ఎక్కువగా కాట్ల వల్ల పాకుతుంది, కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి ఇంట్లోనే ఉంచండి, ఏళ్ల తరబడి బతుకుతుంది. పాజిటివ్ అనగానే గోనెసంచిలో కట్టి ఊరి బయట వదిలిరాకండి, దండం పెడతాను. కొర్లగుంట పిల్లికి చెడిన పళ్లు నాలుగు తీశాం, నిన్నటి నుంచి ఉడికించిన చికెన్ తింటోందట.