గంజాయి కేసూ, వితంతు పింఛనూ

సభాధ్యక్షులకు, గ్రంథాలయ వారోత్సవాలకు విచ్చేసిన పెద్దలకు, వెనుక నిలబడి ఉన్న కళాశాల విద్యార్థులకు నమస్కారం. గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకట రమణయ్య గారిని కన్న ఈ గోదావరి సీమలో పుస్తక పఠనం గురించి చెప్పమని నన్ను పిలిచారు. అది నాకన్నా బాగా చెప్పగలవారు ఈ వేదికమీదే ఉన్నారు కనుక, అమలాపురంలో వకీలుగా నన్ను కొంతకాలంగా వేధిస్తున్న మరొక సంగతి చెప్పుకోవడానికి అధ్యక్షుల అనుమతి కోరుతున్నాను.

రాష్ట్ర హోంమంత్రి వంగలపూడి అనిత గారు గంజాయి విషయంలో మొదటినుంచీ కఠినంగానే మాట్లాడుతున్నారు. 2024లో ఆమె ఉన్న మంత్రివర్గ ఉపసంఘం చర్చించాక ఈగల్ అనే ప్రత్యేక దళం ఏర్పడింది, సమాచారం ఇవ్వడానికి 1972 నంబరు వచ్చింది. మన్యం నుంచి సరుకు దించి జాతీయ రహదారి వెంట తరలించేవారిమీద ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. అయితే, గంజాయితో సంబంధమున్న కుటుంబాలకు సంక్షేమ పథకాలు నిలిపివేయాలన్న ఆలోచన కూడా అప్పుడే బయటికి వచ్చింది. నా పేచీ అంతా దానితోనే.

గోదావరి పాయల నడుమనున్న ఒక లంక గ్రామం నుంచి ఒక తల్లి నా దగ్గరికి వచ్చింది. ఊరి పేరు చెప్పను. భర్త లేడు, కొబ్బరి దింపుల దగ్గర కూలి పని. డిప్లొమా చదివే కొడుకు గంజాయికి అలవాటు పడ్డాడు. కేసు ఇంకా లేదు, పోలీసులు ఇంటికి రానేలేదు. కొడుకును ఆస్పత్రిలో చేర్పించమ్మా అన్నాను. ఆమె నన్ను అడిగింది ఒక్కటే: "అక్కడ పేరు రాయించుకుంటే నా పింఛను తీసేస్తారటగా బాబూ?" నెలనెలా ఇంటికొచ్చే నాలుగు వేలు పోతాయన్న భయంతో ఆమె కొడుకును ఆస్పత్రికి కాక దూరపు చుట్టాల ఇంటికి పంపింది. అటువంటి ఉత్తర్వు ఏదీ నేను చూడలేదని ఎంత చెప్పినా నమ్మలేదు. మంత్రుల నోట వెలువడిన మాట లంక దాటి ఆమె చెవిన పడింది, నా మాట ఆ బల్ల దాటి పోలేదు.

అయ్యా, చట్టంలో ఏముందో వినండి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం 20 కిలోలకు మించి గంజాయి దొరికితే కనీసం పదేళ్ళ శిక్ష వేస్తుంది. అదే చట్టంలోని 64ఎ సెక్షను, వాడకం కేసులోనో చిన్న మోతాదు కేసులోనో చిక్కిన వ్యసనపరుడు తానుగా ముందుకొచ్చి ప్రభుత్వ గుర్తింపు ఉన్న చోట చికిత్స పూర్తి చేసుకుంటే అతనిమీద విచారణ ఉండదంటుంది. గంజాయికి చిన్న మోతాదు అంటే కిలో లోపు. కేసులో ఇరుక్కున్న కుర్రవాడికే చట్టం తెరిచి ఉంచిన తలుపును, కేసే లేని కుర్రవాడి తల్లి ముందు మనం మూసేస్తున్నాం.

ఈ లోపం ఒక్క పార్టీది కాదు. గత ప్రభుత్వం 2021లో పరివర్తన పేరుతో మన్యంలో తోటలు నరికించింది, 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర రెండు లక్షల కిలోల గంజాయి తగలబెట్టించింది. అప్పుడూ లెక్క కిలోల్లోనే, ఇప్పుడూ కిలోల్లోనే. ఎంతమంది కోలుకున్నారన్న లెక్క ఏ వేదికమీదా నేను వినలేదు. అనిత గారు రాజకీయాల్లోకి రాకముందు ఉపాధ్యాయిని. దారితప్పిన పిల్లవాడిని దండించే ముందు పలకరించాలని ఆమెకు నేను చెప్పనక్కరలేదు.

విద్యార్థులారా, మీ స్నేహితులలో ఎవరున్నారో నాకన్నా మీకే తెలుసు. చికిత్సకు వచ్చిన వారి కుటుంబానికి ఏ పథకమూ ఆగదని ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలనీ, కలెక్టరు గారి అధ్యక్షతన జరిగే మాదకద్రవ్యాల నియంత్రణ సమావేశంలో పట్టుకున్న కిలోలతోపాటు చికిత్స పొందినవారి సంఖ్య కూడా చదవాలనీ కోరుతూ ఒక తీర్మానం రాసి తెచ్చాను. 64ఎ సెక్షను తెలుగు పాఠం కూడా జతచేశాను, దానిని ఈ గ్రంథాలయం నోటీసు బోర్డులో పెట్టించమని కార్యదర్శి గారికి మనవి. సంతకాల కాగితం గుమ్మం దగ్గరి బల్లమీద ఉంది. ఊరి పేరు రాయనక్కరలేదు.