మసీదులో క్లాసు, గుమ్మంలో కాపలా: బాండుంగ్‌పై చర్చ

సంధానకర్త: 2018 మేలో ఇండోనేషియాలోని సురబయ నగరంలో చర్చిల మీద బాంబు దాడులు. ఆ తర్వాత ఆ దేశ ఉగ్రవాద నిరోధక సంస్థ ఏడు యూనివర్సిటీల్లోకి తీవ్రవాద భావాలు చేరాయంది. వాటిలో బాండుంగ్ నగరంలోని ఇంజినీరింగ్ విద్యాసంస్థ ఐటీబీ పేరు కూడా ఉంది. క్యాంపస్ మసీదుల మీద నిఘా ఎవరిది? సార్, ముందు మీరు.

విశ్లేషకుడు: ఐటీబీ అంటే అక్కడి సల్మాన్ మసీదే గుర్తొస్తుంది. ఆ పేరు పెట్టింది దేశ తొలి అధ్యక్షుడు సుకర్ణో. 1970ల్లో అక్కడ ఇమాదుద్దీన్ అబ్దుల్‌రహీం అనే ఇంజినీరింగ్ లెక్చరర్ శిబిరాలు నడిపారు. సిలబస్ లేదు, పరీక్ష లేదు. ఒక సీనియరు, చుట్టూ జూనియర్లు...

పరిశోధకురాలు: అలా గుండ్రంగా కూర్చుని చదువుకోడాన్ని హలఖా అంటారు సార్, అందులో...

విశ్లేషకుడు: పూర్తి చెయ్యనివ్వమ్మా. 1978లో అప్పటి అధ్యక్షుడు సుహార్తో క్యాంపస్ రాజకీయాలకు తాళం వేశాడు. పిల్లలు ఎక్కడికెళ్తారు? మసీదుకే! ఇమాదుద్దీన్‌ని కూడా ఆ ఏడే జైల్లో పెట్టారు.

సంధానకర్త: అంటే నిఘా అప్పుడే మొదలవ్వాలంటారు.

అధ్యాపకుడు: ఆయన చెప్పింది దానికి సరిగ్గా ఉల్టా అండీ. (నవ్వులు) ఇంకోటి, ఆ మసీదుకి గుమ్మటం లేదు. లోపల ఒక్క స్తంభం కూడా లేదు. నోమాన్ అనే ఆర్కిటెక్టు...

సంధానకర్త: గుమ్మటం లేకపోతే మసీదని గుర్తుపట్టేదెలా?

అధ్యాపకుడు: మన ఊళ్లలో మిద్దె మసీదులు లేవా?

పరిశోధకురాలు: నేనొక్క మాట. ఇంజినీరింగ్ చదివే పిల్లలందరికీ మదరసా చదువుండదు. చాలామంది ఖురాన్ సరిగ్గా చదవడం నేర్చుకోడానికే కూర్చుంటారు. హైస్కూలు పిల్లలకి కరిస్మా అని వేరే బృందముంది. బాంబులకీ దీనికీ...

విశ్లేషకుడు: రాజకీయం లేదనకమ్మా! 1998లో కమ్మి ఎక్కణ్ణుంచి పుట్టింది?

సంధానకర్త: కమ్మీలా? కమ్యూనిస్టులా సార్?

విశ్లేషకుడు: కాదండీ బాబూ, ముస్లిం విద్యార్థి సంఘం! ఈ హలఖాల్లోంచే వచ్చింది. పీకేఎస్ అనే ఇస్లామిక్ పార్టీ కూడా అంతే. నేను మొదట్నుంచీ చెప్పేదొకటే, గది మూస్తే...

సంధానకర్త: 2017లో ఖిలాఫత్ రాజ్యం కావాలనే హిజ్బుత్ తహ్రీర్ సంస్థని అక్కడ రద్దు చేశారు కదా. మరి నిఘా...

పరిశోధకురాలు: వాళ్లూ ఈ హలఖాల వాళ్లూ ఒకటి కాదు సార్. క్యాంపస్‌లో వీళ్లకీ వాళ్లకీ పోటీ.

విశ్లేషకుడు: పోటీయే! గది మూస్తే మసీదుకెళ్తారు, మసీదు మూస్తే అద్దె గదికెళ్తారు. 1990లో అదే సుహార్తో ముస్లిం మేధావుల సంఘాన్ని దీవించాడు. దాని వెనకున్నది కూడా అదే ఇమాదుద్దీన్!

అధ్యాపకుడు: జైలుకి పంపినవాడే...

విశ్లేషకుడు: అదే నేను చెప్తున్నా...

సంధానకర్త: టైమైపోయింది. అన్ని వైపులా విన్నాం. నిఘా అవసరమన్నది మాత్రం...

పరిశోధకురాలు: ఎవరన్నారు సార్?

విశ్లేషకుడు: ఒక్క నిమిషం, గది మూస్తే...

(ప్రకటనలు)