క్యునార్డ్ విగ్రహం: ఉంచాలా, దించాలా? (చర్చా కార్యక్రమం పూర్తి పాఠం)

వ్యాఖ్యాత: నమస్కారం. కెనడాలోని హాలిఫాక్స్‌లో, ఆ ఊరిని స్థాపించి, స్థానిక మిక్‌మాక్ ప్రజల తలలకు వెల కట్టిన బ్రిటిష్ గవర్నర్ ఎడ్వర్డ్ కార్న్‌వాలిస్ విగ్రహాన్ని 2018 జనవరిలో దించేశారు. అదే ఊళ్లో, రేవు ఒడ్డున, ఓడల వ్యాపారి సర్ శామ్యూల్ క్యునార్డ్ కంచు విగ్రహం ఉంది. అదే కొలబద్ద ఈయనకూ వర్తిస్తుందా? స్టూడియోలో విశ్రాంత మెరైన్ ఇంజనీరు, చరిత్ర అధ్యాపకురాలు, న్యాయవాది ఉన్నారు. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను. ఇంజనీరు గారూ, మీరు మొదలుపెట్టండి.

ఇంజనీరు: క్యునార్డ్ రాకముందు అట్లాంటిక్ దాటాల్సిన ఉత్తరం గాలి దయ మీద ఆధారపడేది. 1840 జూలై 4న లివర్‌పూల్‌లో బయలుదేరిన ఆయన ఓడ బ్రిటానియా 12 రోజుల 10 గంటల్లో హాలిఫాక్స్ చేరింది. చెక్క ఓడ, రెండు పక్కలా తెడ్డు చక్రాలు. ప్రయాణికులకు తాజా పాల కోసం ఓడ మీద ఆవును కూడా కట్టేశారు. సముద్రం మీద టపాకు ఒక తారీఖు ఇచ్చిన మనిషి...

న్యాయవాది: ఎవరి సొమ్ముతో ఇచ్చాడండీ? 1839 ఒప్పందంలో బ్రిటిష్ నౌకాదళ శాఖ ఏడాదికి 55,000 పౌన్లు రాసిచ్చింది. అది ప్రజల ఖజానా.

ఇంజనీరు: టపా మోసినందుకు ఇచ్చిన కిరాయి అది. నన్ను పూర్తి చేయనివ్వండి.

వ్యాఖ్యాత: ఒక్క నిమిషం. నాకు అసలు ఆసక్తి ఆయన పుట్టుక మీద. అమెరికా విప్లవంలో రాజు పక్షాన నిలబడి, హాలిఫాక్స్ ఉన్న నోవా స్కోషియా ప్రాంతానికి తరలివచ్చిన లాయలిస్టుల ఇల్లు అది. 1787లో పుట్టాడు. ఆ రాజభక్తే ఆయన్ను నడిపించిందా?

అధ్యాపకురాలు: కొంతవరకే. తండ్రి అబ్రహాం వడ్రంగి మేస్త్రి, సైన్యం దగ్గర పని దొరికింది. పిల్లవాడు ఆవును మేతకు తోలుకెళుతూ మేజోళ్లు అల్లేవాడని ఒక కథ చెబుతారు. అయితే లాయలిస్టులందరి బతుకూ ఒక్కటి కాదు. సుమారు 3,000 మంది నల్లజాతి లాయలిస్టులు కూడా అక్కడికి వచ్చారు. స్వేచ్ఛ ఇస్తాం, భూమి ఇస్తాం అన్నారు. చాలామందికి భూమి అందలేదు. 1792లో దాదాపు 1,200 మంది ఓడలెక్కి సియెర్రా లియోన్ వెళ్లిపోయారు. రాజభక్తికి...

న్యాయవాది: రాజభక్తికి కూలి రంగును బట్టి దక్కింది! నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

వ్యాఖ్యాత: మీరు ఇప్పుడే చెప్పారు.

న్యాయవాది: మళ్లీ చెబుతాను. 1847లో ఫ్రెడరిక్ డగ్లస్, బానిసత్వం నుంచి తప్పించుకుని ప్రపంచం వినేలా మాట్లాడిన మనిషి, క్యునార్డ్ వారి కాంబ్రియా ఓడకు మొదటి తరగతి టికెట్ కొన్నాడు. లివర్‌పూల్‌లో ఓడ ఎక్కబోతే, భోజనం ఒంటరిగా చేయాలి, తక్కిన ప్రయాణికులతో కలవకూడదు అన్నారు. టికెట్ డబ్బు మాత్రం పూర్తిగా తీసుకున్నారు. ఆ పళ్లెం ముందు ఆయన ఒంటరిగా కూర్చున్న దృశ్యం నన్ను వదలదు.

ఇంజనీరు: క్యునార్డ్ పత్రికాముఖంగా విచారం తెలిపాడు. తన ఓడల్లో ఇకపై అలా జరగదని మాట ఇచ్చాడు. అది కూడా చెప్పండి.

న్యాయవాది: ఎప్పుడు? డగ్లస్ ఉత్తరం టైమ్స్ పత్రికలో అచ్చయ్యాక!

ఇంజనీరు: అదే 1847లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పని మొదలైంది. ఆయనా దొరే. గోదావరి జిల్లాల్లో విగ్రహాలున్నాయి. అవీ తీసేద్దామా?

న్యాయవాది: కాటన్ నీళ్లు ఇచ్చాడు. ఈయన కౌలు పిండాడు. పోలికేమిటి?

వ్యాఖ్యాత: కాటన్ గురించి ఇంకో రోజు మాట్లాడుకుందాం...

ఇంజనీరు: ఎందుకు ఇంకో రోజు? ఆనకట్ట కట్టకముందు డెల్టాలో కరువు...

న్యాయవాది: కౌలు అన్నాను, అక్కడికి రండి. నోవా స్కోషియా పక్కనున్న ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిని 1767లో 67 భాగాలు చేసి లండన్‌లో లాటరీ వేసి దొరలకు పంచారు. అడవి నరికి సాగు చేసింది ఒకరు, పట్టా ఇంకొకరిది. తరువాత అక్కడి అతి పెద్ద భూస్వాముల్లో క్యునార్డ్ ఒకడయ్యాడు. 1860లో కమిషన్ వేశారు, కౌలుదారు భూమి కొనుక్కోవచ్చని తీర్పు వచ్చింది. భూస్వాములు ఒప్పుకోలేదు, లండన్ దాన్ని పక్కన పెట్టింది. మా తాత కౌలు రైతు. కోత అయ్యాక కళ్లంలో సగం గింజలు ఎటు పోతాయో నేను కళ్లారా చూశాను. నాకు ఇది పుస్తకం విషయం కాదు.

అధ్యాపకురాలు: ఆ ఎస్టేటును ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, 1866లో, దీవి ప్రభుత్వం కొన్నది. కానీ ఆయన్ను కౌలుతోనే కొలిస్తే 1830లో నోవా స్కోషియా పాలనను నడిపిన పన్నెండుమంది మండలిలో ఎందుకు కూర్చున్నాడో తెలియదు. ఆ మండలి తలుపులు మూసి సమావేశమయ్యేది. అందులో పలువురు ఒకే బ్యాంకులో భాగస్వాములు, వారిలో క్యునార్డ్ ఒకడు. ఈస్టిండియా కంపెనీ తేయాకు ఏజెన్సీ కూడా...

న్యాయవాది: మనల్ని ఏలిన కంపెనీ! చూశారా?

వ్యాఖ్యాత: అంటే రాజభక్తి వల్లే కదా ఆ ఏజెన్సీ దొరికింది?

అధ్యాపకురాలు: రాజభక్తి ఒక్కటే కాదు. వ్యాపారంలో ఆయన దిట్ట. అయినా 1842లో అప్పులవాళ్లకు దొరక్కుండా హాలిఫాక్స్ విడిచి ఇంగ్లండ్ వెళ్లాల్సి వచ్చింది. బ్యాంకు, మండలి, ఓడ, భూమి ఒకే చేతిలో ఎలా చేరాయన్నది...

న్యాయవాది: మేడమ్, అదే నా మాట. అన్నీ ఒకే చేతిలో!

ఇంజనీరు: నాకు సమానంగా సమయం ఇస్తానన్నారు. నేను మాట్లాడింది రెండు నిమిషాలు.

వ్యాఖ్యాత: ఇస్తాను సార్. ముందు ఒక్క మాటలో చెప్పండి, 1859లో బారనెట్ బిరుదు రాజభక్తికా, ఓడలకా?

ఇంజనీరు: ఓడలకు. క్రిమియా యుద్ధంలో సైన్యాన్ని మోసింది ఆ ఓడలే. ఇంకో విషయం, 1844లో బోస్టన్ రేవు గడ్డకట్టినప్పుడు బ్రిటానియా బయటకు రావడానికి ఊరివాళ్లే మంచు కోసి...

న్యాయవాది: మంచు కోసింది కూలీలు! వాళ్ల విగ్రహం ఎక్కడుంది?

అధ్యాపకురాలు: విగ్రహం కింద పలక మీద డగ్లస్ పేరు, కౌలుదార్ల మాట రాస్తే...

న్యాయవాది: పలక చాలదు మేడమ్. ముందు దించండి, తరువాత రాయండి.

వ్యాఖ్యాత: సమయం మించిపోయింది. ఇంజనీరు గారూ, మన్నించండి.

ఇంజనీరు: నా మాట ఇంకా...

న్యాయవాది: దించాలి, అంతే.

(ప్రసారం ఇక్కడ ఆగింది.)